నమూనా తహశీల్దారు

మా జిల్లాలో నిరుద్యోగానికి కారణం ఉద్యోగాలు లేకపోవడం కాదని నిరుడు వేసవిలో తేలింది. తేల్చినవారు పరాంకుశం గారు. ఆయన రాజధాని నుంచి 'ఉపాధి సన్నద్ధతా ప్రత్యేకాధికారి'గా దిగి, ఏసీ గదిలో కూర్చుని, పేపర్లో పడ్డ ఉద్యోగ ప్రకటనలన్నీ చదివారు. ప్రతిదాని కిందా 'అనుభవం ఉన్నవారే దరఖాస్తు చేసుకోవలెను' అని ఉంది. ఇంకేముంది, రోగం దొరికిపోయింది. మన యువతకి లేనిది ఉద్యోగం కాదు, అనుభవం. ముందు అనుభవం ఇచ్చేస్తే ఉద్యోగం దాని వెనకాలే నడుచుకుంటూ వస్తుంది.

ఉద్యోగం లేకుండా అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందండీ అని నేను అడిగాను. జిల్లా ఉపాధి కార్యాలయంలో సూపరింటెండెంటుని గనక అడగడం నా విధి అనుకున్నాను. నా పేరు వరహాలమ్మ. పని బాగా చేస్తుంది గానీ నోరు మంచిది కాదని ఆఫీసులో పేరు. పరాంకుశం గారు నన్ను జాలిగా చూశారు.

"మేడమ్, తమరు సమస్యను సమస్య వైపు నుంచి చూస్తున్నారు. పరిష్కారం వైపు నుంచి వీక్షించండి" అన్నారు.

నేను కుర్చీ తిప్పుకుని వీక్షించాను. అటువైపు గోడ ఉంది.

అలా పుట్టింది 'అనుభవ ప్రదాయిని' పథకం. సాలిపేటలో రేషను బియ్యం నిలవ చేసి వదిలేసిన గోడౌను ఒకటుంది. దానికి సున్నం కొట్టించి, బల్లలూ కుర్చీలూ ఇనుప బీరువాలూ పెట్టించి, గుమ్మం మీద 'నమూనా తహశీల్దారు కార్యాలయం' అని బోర్డు కట్టించారు. అసలు తహశీల్దారు ఆఫీసు రోడ్డుకి సరిగ్గా అవతల. చూసి నేర్చుకుంటారని అక్కడే ఎంచారు. నిరుద్యోగులు జీతం లేకుండా ఏడాది పాటు ఈ గోడౌనులో తహశీల్దారులుగా, గుమాస్తాలుగా, సర్వేయర్లుగా, బంట్రోతులుగా కూర్చోవాలి. ఏడాది తిరిగేసరికి వాళ్ల చేతికి అనుభవ ధ్రువపత్రం. దీనంతటికీ పర్యవేక్షణ ఎవరిది అని ప్రశ్న వచ్చింది. నోరు మంచిది కానివాళ్లకి అప్పజెప్పారు.

కుర్రాళ్లు జాతరకి వచ్చినట్టు వచ్చిపడ్డారు. వాళ్లలో గేదెల తవిటినాయుడు ఒకడు. డిగ్రీ చదివాడు, దాని మీద ఇంకో డిగ్రీ చదివాడు, రెండూ చాలలేదని టైపూ కంప్యూటరూ నేర్చాడు. మా ఆఫీసులో మొదటిసారి పేరు రాయించుకున్ననాడు వాడికి మీసం సరిగా రాలేదు. ఇప్పుడు చెవుల పక్కన నెరుపు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంట్లోంచి బయల్దేరి, ఎటో తిరిగి తిరిగి సాయంత్రానికి కొంపకి చేరేవాడట, చూసేవాళ్లు పనికి వెళ్తున్నాడనుకోవాలని. తల్లి అప్పయ్యమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. 'మీవోడేటి సేత్తన్నాడు' అని అడుగుతారని ఆవిడ పెళ్లి పిలుపులకి వెళ్లడమే మానేసింది.

అసలు తహశీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. దానికి ఏడాది అనుభవం కావాలి. వయసు దాటిపోయేలోగా తవిటినాయుడికి అందే ఆఖరి పోస్టు అదే. ఆ తర్వాత వాడు దేనికీ దరఖాస్తు పెట్టడానికి కూడా పనికిరాడు. "మేడమ్, ఈ ధ్రువపత్రం ఒక్కటి ఇప్పించండి. ఇంక దేవుణ్ణి కూడా ఏటీ అడగను" అన్నాడు నాతో. ఆ దేవుడి బాధేమిటో గానీ నా ప్రాణం మాత్రం ఉసూరుమంది.

శిక్షణ మొదలైంది. ఆఫీసన్నాక జనం ఉండాలి కదా. అందుకని చేరినవాళ్లలో సగం మంది ఉద్యోగులు, సగం మంది అర్జీదారులు, వారం వారం మార్పు. అర్జీదారులు ఎవరి కష్టం వాళ్లే కల్పించుకుని రావాలి. పాఠాలు పరాంకుశం గారు స్వయంగా రాశారు. తల ఎత్తకుండా మాట్లాడడం మొదటి పాఠం. సారు ఎదురుగా ఉండగానే సారు మీటింగులో ఉన్నారని చెప్పడం రెండోది. ఆ తర్వాత, వచ్చినవాణ్ణి రేపు రమ్మనడం, వాడు రేపు వస్తే నిన్న ఎందుకు రాలేదనడం. సర్వరు పనిచేయడం లేదని చెప్పడం కూడా నేర్పారు. గోడౌనులో సర్వరే లేదు కాబట్టి అక్కడ చెప్పిన వాటిలో నిజం అదొక్కటే. ఎంత అచ్చంగా చేస్తే అన్ని 'యథార్థతా మార్కులు'.

తవిటినాయుడికి ఈ మార్కులు రావడం గగనమైపోయింది. అర్జీదారు రాగానే కుర్చీలోంచి లేచేసేవాడు. కూర్చోండి అనేవాడు. చెప్పిందంతా వినేవాడు. ఒరే, ఇలాగైతే నువ్వు ఉద్యోగానికి ఎలా పనికొస్తావురా అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా చొక్కా ఇస్త్రీగా ఉన్నవాడు వాడొక్కడే అని పరాంకుశం గారు వాణ్ణే నమూనా తహశీల్దారుగా కుర్చీలో కూర్చోబెట్టారు.

ఊళ్లో మాత్రం మహత్తరమైన మార్పు వచ్చింది. మెళ్లో ఫొటో ఉన్న కార్డు వేలాడేసరికి కుర్రాళ్లు నిటారుగా నడవడం మొదలెట్టారు. టీ కొట్టువాడు వీళ్లని చూసి గ్లాసు ఇంకోసారి కడిగేవాడు. పెళ్లిళ్ల పేరయ్యలు గోడౌను చుట్టూ తిరిగారు. 'నమూనా' అంటే ఏమిటని ఒక్కడు అడిగితే ఒట్టు. జీతమెంత అని ఎవరైనా అడిగితే, గవర్నమెంటు కదండీ, ఆలస్యంగా వస్తుంది అని చెప్పి తప్పించుకునేవారు, అందరూ అర్థం చేసుకునేవారు. అప్పయ్యమ్మ ఎన్నో ఏళ్ల తర్వాత అన్నగారి మనవరాలి పెళ్లికి వెళ్లి, మొదటి పంక్తిలో కూర్చుని భోంచేసిందని విన్నాను. సంతోషించాను. నా సంతోషానికి యథార్థతా మార్కులు వేసేవాడు ఎవడూ లేడు గానీ, అది నిజమే.

ఇలా ఉండగా పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. వరసలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నలిగిన కండువా, చంకలో సంచి. తవిటినాయుడి బల్ల ముందుకి వచ్చి చేతులు జోడించాడు.

"బాబూ, తిరిగీ తిరిగీ కాళ్లరిగిపోనాయి. నా జీడితోట గట్టు మీది రాయి పక్కోడు జరిపీసినాడు. ఒక్కపాలి వొచ్చి కొలవండి బాబూ. మా ఇంటిది కూడా నా మాట నమ్మడం మానీసింది."

పరాంకుశం గారి కళ్లు చెమర్చాయి. "అద్భుతం" అన్నారు నాతో. "గొంతులో ఆ నిస్పృహ ఆలకించారా? చేతుల్లో ఆ వణుకు పరిశీలించారా? ఇది శిక్షణతో రాదు మేడమ్, జన్మతః సిద్ధించాలి." అప్పటికప్పుడు శాలువా తెప్పించి, 'ఉత్తమ అర్జీదారు' అని ఆయనకి కప్పి, ఫొటో తీయించారు. ముసలాయన శాలువా కేసి చూసుకుని, ఇదెందుకు బాబూ, తోట కొలవండి చాలు అన్నాడు. సన్మానం జరిగినా పాత్రలోంచి బయటికి రాలేదంటే ఎంత నిష్ఠ అని పరాంకుశం గారు మురిసిపోతూ జీపెక్కారు.

జీపు వెళ్లాక తవిటినాయుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, పెద్దాయనా, మీరు ఏ బ్యాచి అని అడిగాడు. తనది గెడ్డపేట అనీ, పేరు ఎర్రినాయుడు అనీ, బ్యాచి గురించి తనకేమీ తెలియదనీ ఆయన చెప్పాడు. తవిటినాయుడు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మేడమ్, ఈయన నిజంగా వచ్చినాడండి" అన్నాడు.

నిజమైన మనిషి వస్తే ఏం చెయ్యాలో పాఠాల్లో ఎక్కడా లేదు. అవతలి ఆఫీసుకి వెళ్లు తాతా అన్నాను. "ఆలే అమ్మా ఇవతలకి తోలీసినారు. కొత్తాఫీసు ఎట్టినారు కదా, ఇంక ఈ పనులన్నీ అక్కడే అన్నారు" అన్నాడు ఎర్రినాయుడు. ఆరా తీస్తే తెలిసింది, మా బోర్డు కట్టిన మర్నాటి నుంచే అవతలి గుమాస్తాలు కష్టమైన అర్జీ ఏది వచ్చినా వేలు మా గోడౌను వైపు చూపిస్తున్నారు. రేపు రమ్మనడం కంటే అది తేలిక.

నమూనా సర్వేయరు గౌరీశ్వరి అని సివిల్ ఇంజనీరింగు చదివిన పిల్ల. చేరిన దగ్గర్నుంచీ ఆ పిల్ల గోడౌను వరండానే కొలుస్తోంది. దాని పొడవు నిద్రలో అడిగినా చెబుతుంది. "నానెల్తానండి" అని కొలత గొలుసు భుజాన వేసుకుంది. వెనకాల తవిటినాయుడు, ఆ వెనక ఇంకో నలుగురు. పని లేనివాళ్లు కదా, పనికి ఎంత ఆవురావురుమంటున్నారో అప్పుడు చూశాను. నేను ఆపాలి. పర్యవేక్షణాధికారిని. గొడుగు తీసుకుని నేనూ వెళ్లాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి తోట కొలవడం అయిపోయింది. పక్క తోటవాడు గొలుసుని చూడగానే, సర్కారోళ్లు జన్మలో రారన్న ధైర్యంతో జరిపీసినానండి అని ఒప్పేసుకుని, రాయిని తనే మోసుకొచ్చి పాత చోట పాతాడు. గౌరీశ్వరి వేసిన పటాన్ని తవిటినాయుడు అవతలి ఆఫీసుకి పట్టుకెళ్లాడు. అసలు తహశీల్దారు గారు చదవకుండా సంతకం పెట్టే దొంతరలో అదీ కలిసి, సంతకమైపోయింది. ఎర్రినాయుడు ఆ శాలువా తెచ్చి గౌరీశ్వరికి కప్పి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాగితం కదిలిందన్న కబురు కంటే వేగంగా వెళ్లేది పల్లెల్లో ఇంకోటి లేదు. వారం తిరక్కుండా మా గుమ్మం ముందు జనం రోడ్డు దాకా నిలబడ్డారు. కల్పించుకున్న కష్టాలతో వచ్చే మా వాళ్లకి వరసలో చోటు లేక వాళ్లు కూడా బల్లల వెనక్కి వచ్చి కూర్చున్నారు. కుల ధ్రువపత్రాలు, కాలవ గండ్లు, పింఛన్లు, పేర్లలో తప్పులు, ఏది వచ్చినా ఆ పూటకి ఆ పూట తేల్చి, కాగితాన్ని అవతలి సంతకాల దొంతరలో కలిపేస్తున్నారు. రేపు రమ్మంటే రేపటి జనం ఎక్కడ పడతారని వాళ్ల గోల. రోడ్డుకి అవతల అసలు ఆఫీసులో ఈగలు కూడా లేవు. అక్కడి గుమాస్తాలు విసుక్కోవడానికి మనిషి దొరక్క ఒకరినొకరు విసుక్కుంటున్నారని వాళ్ల బంట్రోతు వచ్చి చెప్పాడు. వాడు చాడీ చెప్పడానికి వచ్చాడనుకునేరు. ఆగిపోయిన వాడి ఇంక్రిమెంటు సంగతి చూడమని మా వరసలో నిలబడ్డాడు.

పరాంకుశం గారి నుంచి తవిటినాయుడికి మెమో వచ్చింది. 'శిక్షణ కాలమున తమరు పని చేయుచున్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. ఇది పథక స్ఫూర్తికి విరుద్ధము. సంజాయిషీ సమర్పించునది.' విచారణకి ఆయనే వచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. పని చేశావా లేదా అని అడిగారు. చేశానండి అన్నాడు వీడు. ఎవరి అనుమతితో అన్నారు. వాళ్లు వచ్చి అడిగారండి అన్నాడు.

"అడిగితే చేసేయడమేనా? రేపు ఇంకొకరు వచ్చి అడుగుతారు. దీనికి అంతెక్కడ?" అని పరాంకుశం గారు బల్ల గుద్దారు. "ఇటువంటి ప్రవర్తనకు అనుభవ ధ్రువపత్రం జారీ చేయజాలను."

అప్పటికి తవిటినాయుడు చేరి ఏడాది కావస్తోంది. ఆ పోస్టుకి దరఖాస్తు గడువు దగ్గర పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా నోరు ఇన్నేళ్లుగా నాకు చేసిన అపకారమంతా ఆ పూట ఉపకారంగా మార్చుకుందామనుకున్నాను. ఏవండీ, పని చేసినవాడికి అనుభవం రాకపోతే పని చేయనివాడికి వస్తుందా, ఇదేం న్యాయమండీ, పైకి రాస్తాను, పేపరుకి చెబుతాను అని నానా మాటలూ అన్నాను. పని వేరు, అనుభవం వేరు, రెండూ కలపరాదని నియమావళిలో ఉందని ఆయన చెప్పారు. నియమావళి రాసింది ఆయనే.

నేను రాసినందుకో, అవతలి ఆఫీసు వాళ్లు రాసినందుకో, మొత్తానికి రాజధాని నుంచి ఉన్నతస్థాయి సంఘం దిగింది. గోడౌను మూయించేస్తారని అందరం బిక్కచచ్చి కూర్చున్నాం. సంఘం అధ్యక్షులవారు జనాన్ని చూశారు. ఎన్ని అర్జీలు తేలాయో చూశారు. జీతాల కింద ఎంత ఖర్చవుతోందని అడిగారు. ఏమీ లేదని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్లీ అడిగారు. ఏమీ లేదండీ అని మళ్లీ చెప్పాను.

అప్పటిదాకా మూల నిలబడ్డ పరాంకుశం గారు అధ్యక్షులవారి మొహం చూశారు, ఓ అడుగు ముందుకి వేశారు. "సార్, ఇదే నేను తొలినాటి నుంచీ స్వప్నించిన శూన్యవేతన సుపరిపాలన. శిక్షణ అనేది దీనికి తొడుగు మాత్రమే" అన్నారు. ఊసరవెల్లి కూడా రంగు మార్చడానికి కాస్త టైము తీసుకుంటుంది.

మర్నాడే ధ్రువపత్రాల పండగ. మైకులు, పూలదండలు, సమోసాలు. మెమో రద్దయిపోయి, తవిటినాయుడికి స్వయంగా అధ్యక్షులవారి చేతుల మీదుగా పత్రం అందింది. వాడు దాన్ని ఛాతీకి ఆనించుకుని నిలబడితే, పోనీలే పాపం, ఈ పిచ్చి పెళ్లిలో నాలుగు తలంబ్రాలైనా సరిగ్గా పడ్డాయి అనుకున్నాను. అప్పయ్యమ్మ నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకి అద్దుకుంది. నా చేతులకి ఎండుచేపల వాసన రెండ్రోజులు పోలేదు. నేను పెద్దగా కడుక్కోనూ లేదు.

జూనియర్ అసిస్టెంటు పోస్టుకి ఇంటర్వ్యూ పెట్టారు. ఉపాధి కార్యాలయం తరఫున బల్ల చివర నన్నూ కూర్చోబెట్టారు. మధ్యలో ఆ అధ్యక్షులవారే, పక్కన పరాంకుశం గారు. తవిటినాయుడు వచ్చాడు. అడిగినదానికల్లా టక్కున చెప్పాడు. గట్టు తగాదా ఎలా తీర్చాలో, కాలవ గండి ఎవరికి రాయాలో, తప్పు పడ్డ పేరు ఎలా దిద్దాలో చెబుతుంటే అధ్యక్షులవారు తల ఊపుతూనే ఉన్నారు. నా గుండెలో అప్పుడే మేళం మొదలైంది.

"అమోఘం" అన్నారు అధ్యక్షులవారు. "మీ వంటి అనుభవశాలిని ఇంతవరకూ చూడలేదు. ఒక విషయం తెలియజేయాలి. మీ కృషి ఫలితంగా ఈ మండలంలో ఈ పోస్టు ఆవశ్యకతను సమీక్షించి, నిన్ననే రద్దుపరిచాము."

తవిటినాయుడికి ముందు అర్థం కాలేదు. "అయితే పని లేదాండి?"

"పని ఉంది. పోస్టు లేదు."

"మరి ఆ పని ఎవరు చేస్తారండి?"

"మీరే" అన్నారు పరాంకుశం గారు, ఆప్యాయంగా. "ఇప్పుడు చేస్తున్నారుగా."

నేను లేచాను. ఇది అన్యాయమండీ, కుర్రాడి వయసు దాటిపోతోంది అన్నాను. వయసు నా పరిధిలో లేదు మేడమ్, ప్రకృతి పరిధిలో ఉంది అన్నారు అధ్యక్షులవారు. తవిటినాయుడు నమస్కారం పెట్టాడు, కుర్చీని శబ్దం కాకుండా వెనక్కి జరిపి, వెళ్లిపోయాడు. నేను ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. మా ఆయన ఒంట్లో బాగాలేదా అని అడిగితే ఆయన మీద అరిచాను.

సోమవారం నమూనా ఆఫీసుకి తవిటినాయుడు రాలేదు. గౌరీశ్వరి రాలేదు. ఎవరూ రాలేదు. జనం వరస కట్టి నిలబడి, చూసి చూసి, రోడ్డు దాటి అసలు ఆఫీసులో పడ్డారు. అక్కడివాళ్లకి అలవాటు తప్పిపోయి, ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో గుర్తులేక కొట్టుకున్నారు. సాయంత్రానికి జిల్లా అంతా అట్టుడికింది. నిరుద్యోగులు విధులకి గైర్హాజరైతే పాలన ఏం కావాలని పరాంకుశం గారు ఫోనులో కేకలేశారు. వెంటనే నోటీసులు తయారయ్యాయి. తవిటినాయుడి నోటీసు స్వయంగా అందించి సంతకం తీసుకోమని నాకే పురమాయించారు.

వాళ్లది చేపల సంత వెనక వీధి. అప్పయ్యమ్మ అరుగు మీద నెత్తళ్ల చేపలు ఆరబోస్తోంది. పక్కనే లుంగీ కట్టుకుని తవిటినాయుడు గంపలోకి ఏరుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. వాడు ఎవరినైనా చూసి లేవకపోవడం నేనెరిగి అదే మొదలు. నోటీసు ఇచ్చాను. చదువుకుని, మడిచి, తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడకి చదువు రాదు. ఏటుందమ్మా ఇందులో అని నన్ను అడిగింది.

చదివాను. 'గేదెల తవిటినాయుడు, నమూనా తహశీల్దారు, ముందస్తు అనుమతి లేకుండ విధులకు గైర్హాజరైనందున, ఆయనను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో తెలుపవలెను.'

"ఉద్దోగం అని రాసినారా అమ్మా?" అంది.

"రాశారు."

"గవర్నమెంటు సీలుందా?"

ఉందని చూపించాను. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, వీధిలోకి దిగి ఇంటింటి వాళ్లనీ పిలిచింది. "రండర్రా, రండి. మావోడికి ఉద్దోగం లేదని ఇన్నేళ్లు సెవులు కొరుక్కున్నారు గదా. ఉద్దోగంలోంచి తీసేత్తారంట. లేనోణ్ణి తీసేత్తారేటి?"

ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు అరుగు చుట్టూ మూగారు. నిజమే, లేనిదాన్ని ఎలా తీస్తారు అని ఒకాయన ఒప్పుకున్నాడు. అయ్యో, ఇప్పుడు పోతోందా అని ఇంకో ఆవిడ చెంగు నోట్లో పెట్టుకుంది. అందరూ ఇనేలాగ ఇంకోపాలి సదవమ్మా, గట్టిగా సదువు అంది అప్పయ్యమ్మ. తవిటినాయుడి కేసి చూశాను. వాడు గంపలోంచి తల ఎత్తలేదు.

"సదివీయండి మేడమ్" అన్నాడు. "మా అమ్మని ఇననీండి."

నేను కళ్లజోడు సర్దుకుని మొదటి నుంచీ మళ్లీ చదివాను. 'ఉద్యోగము' అన్న మాట దగ్గర ఆగాను. ఆ మాట ఇంకోసారి గట్టిగా చదివాను.